పంటి సలుపూ డోలు దెబ్బా

లోపల మిషను మొదలైంది. తలుపు కింది సందులోంచి జీ అని సన్నగా వస్తోంది. దాని శ్రుతి కూడా దొరికిపోయింది నాకు, మా బావ సన్నాయికి ఒక మెట్టు పైన. ఈపాటికి ఆ కుర్చీలో వెల్లకిలా పడుకుని శ్రుతి తప్పిన మిషనని తిట్టుకుంటూనే ఉంటాడు, బయటికి తిట్టడానికి నోరు ఖాళీ లేదు, అంతవరకు నయం. సన్నాయి ఊదేటప్పుడు తప్ప సిలార్ బావ నోరు మూతపడగా నేను చూడలేదు. పళ్ల డాక్టరు మహిమ గారు గంట పడుతుందన్నారు. ఈ గంటా ఆయన ఆ కుర్చీలో ఉంటే చాలు, అల్లా, ఈ ఒక్క గంట. పొద్దున దర్శి బస్టాండులో మా రహమతక్క నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది, ఒరేయ్ బుడే, మీ బావ సగంలో లేచి వచ్చేస్తాడు, ఆయన సంగతి నాకు తెలుసు, నువ్వు తలుపుకి అడ్డంగా కూర్చో అని. అందుకే ఫ్యాను కింద చోటు ఖాళీగా ఉన్నా బెంచీకి ఈ చివర, తలుపు పక్కనే కూర్చున్నాను. చెమటలు కారుతున్నాయి, కాళ్లు ఒకచోట నిలవడం లేదు, గుండె దడదడమంటోంది. దడంటే భయం ఒక్కటే కాదు, చెప్పొద్దూ, సంతోషం కూడా. అక్క మొగుడు లోపల గుండె జబ్బుతో, చీము పట్టిన చిగుళ్లతో పడుకుని ఉంటే బయట బావమరిది సంబరపడుతున్నాడంటే జనం మొహాన ఉమ్మేస్తారు. ఉమ్మితే ఉమ్మనీ. నా తాళం తప్పలేదు. తప్పలేదని తేలిపోయింది.

తొడ మీద వేళ్లు వాటంతట అవే ఆడుతున్నాయి, తకధిమి, తకధిమి. చీటీలు రాసే అమ్మాయి తలెత్తి, బెంచీ ఊగిపోతోందండీ, పక్కన పెద్దావిడకి ఇబ్బంది అంది. పక్కన పెద్దావిడ బుగ్గ వాచిపోయి, చెంగు దవడకి అదిమిపెట్టుకుని కూర్చుంది, ఫర్వాలేదులే కొట్టుకోనీ, సలుపు మర్చిపోతున్నా అంది. మహాతల్లి. ఈ మాట నాలాంటి వాడికి ఎంత బలమో ఆవిడకి తెలియదు. వేళ్ల చివర్లు భగ్గుమంటున్నాయి, మిర్చి మంట, ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా పోదు, కంటికి తగిలితే ఇక అంతే. డోలు వదిలేశాక ఈ గుంటూరు వచ్చి కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాల మూతులు కుడుతున్నాను, దబ్బనం, పురికొస, అదే నా వాయిద్యం. ఈ సీజనులో ఊరు ఊరంతా ఘాటే, మెట్లెక్కి వచ్చిన ప్రతివాడూ ఒక తుమ్ము తుమ్మి గాని కూర్చోవడం లేదు. దబ్బనం గుచ్చి, లాగి, గుచ్చి, లాగి, ఆ పనికీ ఒక నడక ఉంటుంది కదా, దాని మీద కూడా చెయ్యి తాళం పడనివ్వకుండా అదుపులో పెట్టుకున్నాను ఇన్నాళ్లూ. ఎందుకంటే నాకు తాళం లేదని మా బావ అన్నాడు. అల్లాబక్షు గారి కొడుకు, సిలార్ విద్వాంసుడు అన్నాడు. ఆయన అన్నాక అది అబద్ధం ఎట్లా అవుతుంది అనుకున్నాను. అన్న రోజే డోలుకి గుడ్డ చుట్టి అక్క వాళ్లింట్లో మంచం కిందికి తోసేశాను, ఎవరైనా పెళ్లి మేళం వీధిలో పోతుంటే కిటికీ మూసుకునేవాణ్ణి, అంత సిగ్గు.

ఆ సిగ్గు ఎట్లాంటిదో చెప్పాలంటే మా ఇళ్ల సంగతి చెప్పాలి. మేం సాయిబులం, ఇంట్లో మాట్లాడేది తెలుగు, తాతల నాటి నుంచీ ఊదేదీ వాయించేదీ రాములవారి పెళ్లికీ, శివుడి ఊరేగింపుకీ, కమ్మవారి పెళ్లికీ, రెడ్డిగారి గృహప్రవేశానికీ. మా ఇళ్లల్లో మగపిల్లాడికి మాట కంటే ముందు తాళం వస్తుంది. బావకి వాళ్ల నాన్న అల్లాబక్షు మామ ఒక పద్ధతి నేర్పాడు, అది ఇంకెవరి మేళంలోనూ లేదు. ఆలాపన అయిపోయాక, కీర్తన ఎత్తుకునే ముందు, రెండు వేళ్లు దవడ కింద పెట్టుకుని నాడి చూసుకోవాలి. ఆ నడకలోనే ఎత్తుకోవాలి. నీ ఒంట్లో నడిచే నడకైతేనే వినేవాళ్ల ఒంట్లోకి పోతుందిరా అనేవాడు మామ. బావ కండువా సర్దుకుంటున్నట్టు చెయ్యి పైకి తీసుకుపోయి, వేళ్లు దవడ కింద ఒక్క క్షణం ఆనించి, కనుబొమ్మ ఎగరేసేవాడు. ఆ బొమ్మ ఎగిరిన చోట నా డోలు పడేది. ఎక్కడా చెప్పుకోవడం, లెక్కపెట్టుకోవడం ఉండేది కాదు. దర్శి, పొదిలి, అద్దంకి, చీమకుర్తి గ్రానైటు వాళ్ల పెళ్లిళ్లు, పందిట్లో అక్షింతలు పడుతుంటే ఆయన సన్నాయి పైస్థాయికి పోయేది, నేను తోక పట్టుకుని పోయేవాణ్ణి, దిగివచ్చేసరికి ఇద్దరం ఒకే దెబ్బ మీద దిగేవాళ్లం. ఆ దిగడంలో ఉండే ఆనందం, దాన్ని ఏ కూలికి కొనగలం. నా పెళ్లాం నజ్మీన్ అంటుంది, నీ అసలు పెళ్లాం మీ బావేనయ్యా అని. అనదూ మరి.

తరవాత అది జారింది. ఎప్పుడు మొదలైందో చెప్పలేను, కొబ్బరి తాడు పీచు పీచుగా తెగినట్టు తెగింది. కీర్తన మధ్యలో ఆయన ఒక్కసారిగా ముందుకి తోసుకుపోయేవాడు, నేను పరిగెత్తి అందుకునేసరికి ఆగినంత పని చేసేవాడు, మళ్లీ రెండు దెబ్బలు దగ్గర దగ్గరగా, మళ్లీ ఒకటి ఎక్కడో దూరంగా. నేను ఏం చేశాను, పిల్లాణ్ణి చంకనెత్తుకుని నడిచినట్టు సర్దుకుంటూ పోయాను. ఆయన తొందరపడితే తొందరపడి, ఆగితే ఆగి. జనానికి తెలియకుండా పోయింది కొన్నాళ్లు. సర్దుకోవడమే నా తప్పయింది, ఎందుకంటే ఆయనకి తన నడక సరిగానే తోచేది, నా డోలు ఊగుతున్నట్టు తోచేది. దర్శిలో పత్తి వ్యాపారి ఇంటి పెళ్లి, పందిరి నిండా జనం, బావ సన్నాయి నోట్లోంచి తీసి, అందరూ వినేట్టు అన్నాడు.

"నీకు తాళం లేదురా. లేచిపో."

లేచిపోయాను. డోలు భుజాన వేసుకుని పందిరి దాటుతుంటే అన్నం గిన్నెలు మోసేవాళ్లు కూడా తప్పుకుని దారి ఇచ్చారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని అప్పుడు నా నోటిదాకా వచ్చింది, ఆయన నాకంటే పెద్దవాడు, అక్క మొగుడు, మింగేశాను. మింగింది అరగలేదు. ఆ తరవాత ఆయన నన్ను పన్నెత్తి పలకరించలేదు, నేను ఆ గడప తొక్కలేదు, మధ్యలో అక్క ఫోను పెట్టుకుని ఏడ్చేది.

ఇప్పుడు చూడండి అసలు వింత. నా తరవాత బాపయ్యని పెట్టుకున్నాడు, ఒంగోలు వైపు వాడు, మంచి చెయ్యి. వాడికీ తాళం లేదన్నాడు. పంపేశాడు. ఇంకెవణ్ణీ నమ్మనని, ఫోనులో తాళం వేసే యాప్ ఉంటుంది చూడండి, అదేదో పెట్టించుకుని, చిన్న స్పీకరుకి తగిలించి, దాంతో ఇంట్లో సాధన మొదలుపెట్టాడు. వారం తిరక్కుండా ఫోను కొట్టువాడి దగ్గరికి పోయి గొడవ, ఈ ఫోను వేడెక్కితే తాళం జారిపోతోంది, మార్చి ఇవ్వు అని. వాడు నవ్వాడట. ఫోనుకి తాళం తప్పడమేమిటి సాయిబు గారూ అన్నాడట. దానికి బావ, నీకు సంగీతం తెలుసా నాకు తెలుసా అని అరిచి వచ్చాడట. అక్క ఈ మాట ఫోనులో చెప్పినప్పుడు నేను బస్తా మీద కూర్చుని టీ తాగుతున్నాను, గ్లాసు అట్లాగే చేతిలో ఉండిపోయింది. నాకు తాళం లేదు సరే. బాపయ్యకి లేదు సరే. కరెంటుతో నడిచేదానికి కూడా లేకపోతే, మిగిలింది ఎవరు? అప్పుడు మొదటిసారి నా వేళ్లు బస్తా మీద కదిలాయి. భయంభయంగా, దొంగ ముద్దలాగా. కానీ నాకు అప్పటికి తట్టింది బావ తాగుతున్నాడేమో అని, లేదా కావాలనే నన్ను అవమానించాడేమో అని. గుండె సంగతి నాకెట్లా తెలుస్తుంది, చిగుళ్ల సంగతి మరీను.

మిషను శ్రుతి మారింది. బరువెక్కింది, ఏదో గట్టిదానికి తగులుతోంది. గార ఊడుతోంది కాబోలు, చిగురు లోపలికి పోయి గీకుతారట, అక్కడ రాయిలా పేరుకుని ఉంటుందట, చీమకుర్తి రాయిలా ఎన్నేళ్లదో. మహిమ గారు ఫొటో తీసి చూపించారు, పంటి చుట్టూ ఎముక కరిగిపోయి, పళ్లు పత్తి మోడుల్లా నిలబడి ఉన్నాయి. కింది వరస ముందు పళ్లు కదులుతున్నాయి, వాటిని ఆపడానికి చూస్తానండీ, మాట ఇవ్వలేను అన్నారు. వెనక దవడ పన్ను ఒకటి, తెరిచి చూస్తే గాని చెప్పలేను అన్నారు. దానికి బావ, చూసుకోండమ్మా, కడుక్కోండి, గీక్కోండి, ఒక్క పన్ను కూడా పీకడానికి లేదు, పీకుతానంటే లేచిపోతాను అన్నాడు. ఎందుకంటే మా వాళ్లలో ఒక మాట ఉంది, పన్ను పోతే పాట పోతుంది. సన్నాయి పీక పెదవుల మధ్య ఉంటుంది గాని ఆ పెదవికి వెనక గోడ పన్నే. గోడ లేకపోతే పెదవి లోపలికి పోతుంది, గాలి నిలవదు. ఒకటి పీకిస్తే పక్కది కదులుతుందని, పళ్ల డాక్టరు గడప తొక్కడమే అపశకునమని, మా తాతల నుంచీ ఎవడూ నోరు తెరిచి చూపించలేదు. చిగురు రక్తం కారితే, కొత్త పీక గీసుకుంది అంటారు. అక్క పీకలు కడిగే నీళ్లు ఎర్రగా ఉంటున్నాయని ఎన్నిసార్లు చెప్పినా ఇదే మాట, కొత్త పీక గదే. పాత పీకకీ రక్తమే, అప్పుడేమంటావయ్యా అంటే పాతది అంచు అరిగింది అంటాడు. సలుపు ఎక్కువైతే పొగాకు. మా వైపు పొగాక్కి కరువా, ఆకు ఆరబెట్టే బ్యారను పక్కన రాలింది ఏరుకున్నా సరిపోతుంది, కాడ నలిపి ఆ చిగురు మీదే దట్టించి పెట్టేవాడు. మొద్దుబారేది, తగ్గిందనుకునేవాడు. లోపల జబ్బు హాయిగా తింటూ కూర్చుంది.

చీమకుర్తి పెళ్లిలో పడిపోయాడు. ఊదుతూ ఊదుతూ సన్నాయి ఒళ్లోకి జారి, కళ్లు తేలేశాడట, బాపయ్య తరవాత పెళ్లిళ్లకని తప్పక పెట్టుకున్న కొత్త డోలు వాడు ఇదీ కీర్తనలో భాగమేననుకుని ఇంకో రెండు దెబ్బలు వేశాడట. అక్క ఫోను చేసినప్పుడు ఏడవడం లేదు, అదే భయం వేసింది. గుండె డాక్టరు జయరావు గారు చెప్పిన మాట అచ్చంగా అట్లాగే చెప్పింది, మీ ఆయన గుండె కొట్టుకోవడంలో తాళం లేదమ్మా అని. అక్కకి అది చెప్పేటప్పుడు దాని బరువు తెలియదు. నేను మాత్రం దబ్బనం కింద పడేసి లేచి నిలబడ్డాను. ముందు బావకేమవుతుందోనని భయం, ఆ భయం తగ్గకముందే ఒక మూల నుంచి ఇంకోటి, ఎవడి గుండెకి తాళం లేదూ, నాడి పట్టి నడక తీసుకునేవాడి గుండెకి. ఛీ, వెధవా, ఇప్పుడా ఇది అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే దర్శి బస్సెక్కాను, ఇన్నాళ్లకి ఆ గడప తొక్కాను. బావ మంచం మీద ఉన్నాడు, నన్ను చూసి గోడ వైపు తిరిగాడు. నేను మంచం కింద చూశాను, డోలు చుట్టిన గుడ్డ మీద దుమ్ము లేదు. నువ్వు దులిపావా అని అక్కని అడిగితే, నేను ముట్టలేదురా అంది.

మళ్లీ చూపించడానికి నేనూ వెంట వెళ్లాను. జయరావు గారు మెత్తటి మనిషి, విసుక్కోకుండా చెబుతారు. గుండె పై అరలు రెండూ లయగా ముడుచుకోవడం మానేసి వణుకుతున్నాయట, ఒక్కోసారి సరిగా, ఒక్కోసారి ఇట్లా. అందులో రక్తం నిలిచి గడ్డ కడితే అది మెదడుకి పోయి పక్షవాతం రావచ్చు, అందుకని రక్తం గడ్డకట్టకుండా మాత్ర రాశారు. అది ఒకటీ అయ్యాక, నోరు తెరవండి సాయిబు గారూ అన్నారు. బావ తెరవలేదు. గుండెకి నోరెందుకండీ అన్నాడు. ఆయన నవ్వి, మీ నోటి వాసనే చెబుతోంది, చిగుళ్లలో చీము ఉంది, ఆ పురుగు రక్తంలో పడి ఒళ్లంతా తిరుగుతుంది, ఒళ్లు లోలోపల ఎప్పుడూ కాగుతూనే ఉంటుంది, ఆ కాకకి గుండె కండ కూడా చెడుతుందని ఇప్పుడు పరిశోధనల్లో కనపడుతోంది, చిగుళ్ల జబ్బున్న వాళ్లలో ఈ గుండె వణుకు ఎక్కువగా చూస్తున్నారు అన్నారు. మీకు దానివల్లే వచ్చిందని ప్రమాణం చేసి చెప్పలేను, బీపీ ఉంది, పొగాకు ఉంది, వయసుంది, కానీ ఇంట్లో మంట ఒకటి తెలిసి తెలిసి ఎందుకు ఉంచుకోవాలి, ముందు నోరు బాగుచేయించుకోండి అన్నారు. మాత్ర సంగతి మహిమ గారితో ఆయనే ఫోనులో మాట్లాడారు, రక్తం ఆగడం ఆలస్యమవుతుంది కాబట్టి ఒక్కో దవడ ఒక్కోసారి చేద్దామనుకున్నారు. చిగుళ్లకీ గుండెకీ లంకె. ఆ మాట వినగానే బావ మొహం నాకు ఇంకా కళ్లకి కట్టినట్టుంది, సన్నాయి శ్రుతికి డోలు శ్రుతి కలవనప్పుడు పెట్టే మొహం, నమ్మనూ లేడు, కాదననూ లేడు.

ఇదంతా నిన్నటిదాకా. పొద్దున బస్సులో జరిగింది అసలు సంగతి, దానికే నా గుండె ఇట్లా గంతులేస్తోంది. అద్దంకి దాటాక రెండు వైపులా మిర్చి కల్లాలు, నేలంతా ఎర్రగా పరిచి ఉంది, ఆడకూతుళ్లు తెల్లబడిన తాలుకాయ ఏరుతున్నారు, బస్సు కిటికీలోంచి ఘాటు వచ్చి డ్రైవరుతో సహా దగ్గుతున్నాం. దగ్గి దగ్గి బావ దవడ పట్టుకున్నాడు. ఏం బావా అన్నాను. అదే మొదటి మాట మా ఇద్దరికీ, ఇన్నాళ్లకి. ఆయన కిటికీ వైపు చూస్తూనే, కల్లాలకి చెబుతున్నట్టు చెప్పాడు.

"సలుపుతుందిరా. ఊదేటప్పుడు మరీని. నాడి కొట్టినప్పుడల్లా చిగురు మీద దెబ్బ పడుద్ది. వేళ్లు పెట్టి చూసుకునే పని కూడా లేకుండా పోయింది, దాన్నే పట్టుకుని ఊదుతా."

ఇక నేను సీటులో కూర్చోగలనా. దాన్నే పట్టుకుని ఊదుతాడట. గుండె తప్పుతుంది, తప్పిన గుండె వాచిన చిగురులో టక్కు టక్కుమని కొడుతుంది, ఆ దెబ్బ పంటికి తెలుస్తుంది, పన్ను పెదవికి చెబుతుంది, పెదవి సన్నాయికి, సన్నాయి పందిరికంతా. మధ్యలో డోలు వాడు ఒకడు సరిగ్గా వాయిస్తూ చచ్చాడు. అల్లాబక్షు మామా, నువ్వు నేర్పిన పద్ధతే, నీ కొడుకు ఎంత నిఖార్సుగా పాటించాడో చూడు, గుండె అబద్ధం చెప్పినా దాని మాటే విన్నాడు. నేను కండక్టరు ముందే లేచి నిలబడి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచాను, టాయిలెట్టుకా అని అడిగాడు కండక్టరు. చెప్పేద్దామనుకున్నాను అక్కడే. ఇప్పుడు చెప్పు బావా, ఎవడి తాళం తప్పింది, నాదా, బాపయ్యదా, ఫోనుదా. నోటి చివరిదాకా వచ్చింది. బలవంతాన ఆపుకున్నాను. ఎందుకంటే ఇప్పుడంటే నాలుగు మాటలు తిరిగి అంటాడు, పైగా అలిగి చిలకలూరిపేటలో దిగిపోతాడు, అక్క నన్ను బతకనివ్వదు. దీనికో సమయం ఉంది. ఈ గంట అయ్యాక బయటికి వస్తాడు చూడండి, నోటి నిండా దూది కుక్కుకుని, అప్పుడు అడగాలి. అప్పుడైతే తిరిగి మాట్లాడలేడు. జన్మకొకసారి దొరుకుతుంది అలాంటి అవకాశం, సిలార్ బావ ముందు నిలబడి మాట్లాడటం, ఆయన వినడం. అందుకే ఇక్కడ కూర్చుని మాటలు కూడబలుక్కుంటున్నాను. మొదట మెల్లగా ఎత్తుకోవాలి. పందిట్లో లేచిపొమ్మన్నావే, అని. జనం ముందు, అని. అప్పుడు నా కొడుకు అనీస్ కూడా అక్కడే ఉన్నాడు, విన్నాడు, అని. ఆ తరవాత జోరు పెంచి, ఫోను సంగతి ఎత్తి, ఆ పెద్దావిడ కూడా నవ్వేట్టు, తకిట తకధిమి తాం.

మిషను ఆగిపోయింది.

గంట కాలేదు ఇంకా. నిజంగా కాలేదు, గుమ్మం బయట ఎండ ఇంకా ఇందాకటి మెట్టు మీదే ఉంది. లోపల ఇనప పళ్లెంలో ఏదో పెట్టిన చప్పుడు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు. లేచాడు. లేచిపోతున్నాడు. నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను, అక్కా, నిలబడ్డానే, కానీ ఆయన వచ్చి నన్ను తోసేస్తే నేనేం చేయగలను, ఆయన్ని ఎప్పుడైనా ఆపానా, మందలించానా, ఆయన తొందరపడితే తొందరపడ్డాను, ఆగమంటే ఆగాను, లేచిపొమ్మంటే లేచిపోయాను. ఇందాకటి దడే, కానీ సంతోషం ఎటు పోయిందో, ఒట్టి భయం మిగిలింది. పక్షవాతం అన్నారు. నోరు వంకరపోతే పన్నుంటే ఏం, పెదవుంటే ఏం. తలుపు తెరుచుకుంది, మహిమ గారు మాస్కు కిందికి లాగి, బుడే గారు మీరేనా, ఒకసారి లోపలికి రండి, ఆయన ఒప్పుకోవడం లేదు అన్నారు.

బావ కుర్చీలో లేచి కూర్చుని ఉన్నాడు. మెడకి నీలం గుడ్డ, గడ్డం మీద రక్తం చారలు, కింది పెదవి మత్తుకి వేలాడుతోంది, కళ్లు మాత్రం మండుతున్నాయి. ముందు పళ్లు నిలబడేట్టున్నాయి, శుభ్రం చేశాను, వాటిని తీగతో కలిపి కడతాను అన్నారు మహిమ గారు. దవడ పన్ను మాత్రం ఉంచడానికి లేదు, పంటి వేర్ల దాకా చీము, చీమంతా అక్కడి నుంచే. దాన్ని ఉంచుకుంటే ఇప్పుడు చేసినదంతా దండగే. బావ వేలితో నోటి వైపు చూపించి, వేలు అడ్డంగా ఊపాడు. పన్ను పోతే పాట పోతుంది, ఒకటి తీస్తే వరసంతా పోతుంది, అంతా ఆ వేలి ఊపులో ఉంది. లేచి కాళ్లు కింద పెట్టబోయాడు. నేను కూడబలుక్కున్న మాటలన్నీ గుర్తున్నాయి, ఒక్కటీ పోలేదు, పందిరి, జనం, అనీస్, ఫోను. ఇదే సమయం కూడా, నోరు తిరగదు ఆయనకి. నేను ఆ భుజాల మీద చేతులు వేశాను. అంత సన్నబడ్డాడని అప్పటిదాకా తెలియలేదు నాకు.

"ఒక పన్ను పోయిన సన్నాయి పక్కన కూచుని కొడతా బావా. పళ్లన్నీ పోయినా కొడతా. నువ్వే పోతే ఎవడి పక్కన కూచోవాలి నేను?"

ముక్కు కారింది, మిర్చి ఘాటుకేననుకున్నారో ఏమో మహిమ గారు కాగితం రుమాలు ఇచ్చారు. బావ నా వైపు చూశాడు. పందిట్లో ఆలాపన ముగిసేటప్పుడు చూసేవాడే, అట్లా. చూసి, మెల్లగా కాళ్లు పైకి పెట్టుకుని, వెనక్కి వాలి, నోరు తెరిచాడు. నేను బయటికి రాబోతే చొక్కా కొస పట్టుకున్నాడు. అందుకని అక్కడే నిలబడ్డాను, పన్ను వచ్చేటప్పటి ఆ కరకర కూడా విన్నాను, పళ్లెంలో టంగుమని పడటం కూడా. చిన్న చప్పుడే, కానీ నా డోలు తోలు చిరిగినా అంత ఉలిక్కిపడను. చాలాసేపు దూది అదిమి పట్టుకున్నారు రక్తం నిలవడానికి, కుట్టు వేశారు. మహిమ గారు నా వైపే చూస్తూ చెప్పారు, పొగాకు పూర్తిగా మానాలి, మళ్లీ రావాలి పై దవడకి, పుండు మానేదాకా ఊదకూడదు, ఆ తరవాత ఊదొచ్చా లేదా అన్నది ముందు పళ్లు చెప్పాలి. ఊదొచ్చనే అనుకుంటున్నానండీ అన్నారు చివరికి. గుండె మాటేమిటండీ అంటే, మాత్రలు మానొద్దు, జయరావు గారు చూస్తారు, మేం చేయగలిగింది ఈ మంట ఆర్పడం అన్నారు.

ఇప్పుడు ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. పెద్దావిడని లోపలికి పిలిచారు, పోతూ పోతూ బావ వాచిన మొహం చూసి, భయపడతన్నావా అబ్బాయి, అయిపోయిందిగా అంది. బావ బుగ్గలో దూది ఉంది, మాట రాదు. ఇదుగో ఇప్పుడు అడగొచ్చు, తీరిగ్గా, ఎవరూ అడ్డం లేరు, ఎవడి తాళం తప్పింది బావా అని. నోట్లో ఉంది మాట. అంతలో ఆయన చెయ్యి కండువా వైపు పోయింది. అలవాటు, సర్దుకుంటున్నట్టు పైకి పోయింది, దవడ కిందికి. వేళ్లు ఆనించాడు. ఆనించి, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నాడు. ఏం విన్నాడో, నుదురు ముడిపడింది. ఇంత చేసినా అది అట్లాగే ఉందేమో, ఒక దెబ్బ ముందు, ఒకటి వెనక, ఒక్క పూటలో పోతుందా ఏమిటి. వేళ్లు తీసేశాడు. తీసి, పక్కకి చాచి, నా ఎడమ చెయ్యి తన ఒళ్లోకి లాక్కున్నాడు. మిర్చి మంటల చెయ్యి, బస్తాల చెయ్యి, దాన్ని వెల్లకిలా తిప్పి, మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టాడు. అల్లాబక్షు మామ నేర్పినట్టే, అంతే మెత్తగా. నా నాడి మీద ఆయన వేళ్లు వింటున్నాయి, నడక వెతుక్కుంటున్నాయి, రెండో చెయ్యి మోకాలి మీద లేచి తాళానికి సిద్ధంగా గాలిలో నిలబడింది. కనుబొమ్మ పైకి లేచింది. లేచి, అక్కడే ఆగిపోయింది. మత్తుకి వంకర తిరిగిన పెదవులతో, దూది పక్క నుంచి, అడగనే అడిగాడు మా బావ.

"ఏందిరా ఇంత తొందర?"